మత్తియాస్ అలెగ్జాండర్ కాస్ట్రేన్
మత్తియాస్ అలెగ్జాండర్ కాస్ట్రేన్ (డిసెంబర్ 2, 1813 - మే 7, 1852) ఫిన్లాండుకు చెందిన ప్రముఖ భాషా శాస్త్రవేత్త. నేడు యురాలిక్ భాషా కుటుంబంగా పిలువబడుతున్న భాషల అధ్యయనానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు. ఫిన్నిష్ భాషకు బంధువులైన భాషలను వెదుకుతూ లాప్లాండ్ నుండి సైబీరియా వరకు ప్రయాణించి, 38 ఏళ్ళకే మరణించాడు.

బాల్యం, విద్య

కాస్ట్రేన్ ఉత్తర ఫిన్లాండులోని తెర్వోలాలో ఒక మతాధికారి కుటుంబంలో జన్మించాడు. 1825లో తండ్రి మరణించగా, పినతండ్రి సంరక్షణలో పెరిగాడు. ఔలు పట్టణంలో చదివి, 1830లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చేరాడు. మతాధికారి కావాలని మొదట గ్రీకు, హీబ్రూ అభ్యసించాడు. అప్పటికి ఫిన్లాండు రష్యా సామ్రాజ్యంలో భాగం. జనులలో అత్యధికులు మాట్లాడేది ఫిన్నిష్ అయినా, చదువులలోను, పాలనలోను స్వీడిష్ భాషదే పెత్తనం. ఈ పరిస్థితిలో కాస్ట్రేన్ దృష్టి ఫిన్నిష్ వైపు మళ్ళింది. 1841లో ఫిన్నిష్ జానపద మహాకావ్యమైన కలెవలను స్వీడిష్‌లోకి అనువదించాడు.

యాత్రలు

1838లో లాప్లాండు, 1839లో రష్యా పాలనలోని కరేలియా చూసి వచ్చాడు. 1841లో కలెవల సంకలనకర్త ఎలియాస్ లోన్‌రోత్‌తో కలసి బయలుదేరాడు. లోన్‌రోత్ మధ్యలోనే వేరుపడగా, కాస్ట్రేన్ ఉరల్ పర్వతాలు దాటి 1843లో ఓబ్ నదీతీరంలోని ఒబ్దోర్స్క్ (1933 నుండి సలెఖార్డ్) చేరాడు. అప్పటికే ఆయనకు క్షయవ్యాధి సోకింది. వెనుదిరగక తప్పలేదు.

అయినా 1845లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞానశాస్త్ర అకాడమీ సహాయంతో మరల సైబీరియాకు వెళ్ళి 1849 వరకు అక్కడే తిరిగాడు. మంచు ప్రదేశాలలో, వ్యాధితో బాధపడుతూ ఇన్ని భాషలకు వ్యాకరణ సామగ్రి సేకరించడం అసాధారణమైన విషయం. యెనిసేయ్ ప్రాంతంలోని కోట్ భాషను మాట్లాడేవారు అప్పటికి ఐదుగురే మిగిలారు. ఆ భాష ఫిన్నిష్‌కు బంధువు కాకపోయినా ఆయన దానిని నమోదు చేశాడు. తరువాత కొద్దికాలానికే అది అంతరించింది. కోట్ గురించి నేడు తెలిసినదంతా దాదాపు ఆయన వ్రాతల వలననే.

పరిశోధన ఫలితాలు

నేనెత్స్ మొదలైన సమొయెద్ భాషలు ఫిన్నిష్, ఎస్టోనియన్, సామీ, హంగేరియన్ భాషలకు దూరపు చుట్టాలని ఆయన నిరూపించాడు. ఉదాహరణకు చేపను ఫిన్నిష్‌లో 'కల', హంగేరియన్‌లో 'హల్', నేనెత్స్‌లో 'హాల్య' అంటారు. అయితే తురుష్క, మంగోల్ భాషలను కూడా ఇదే కుటుంబంలో చేర్చిన ఆయన సిద్ధాంతాన్ని తరువాతి పండితులు అంగీకరించలేదు.

ఆ కాలంలో ఇటువంటి ఊహలు విస్తృతంగా ఉండేవి. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషలకు ఫిన్నిష్ వర్గంతో సంబంధం ఉందని ప్రతిపాదించాడు. ఫిన్నిష్‌లో 'తాలో' అంటే ఇల్లు, 'తాలోస్సా' అంటే ఇంటిలో. ఇలా ప్రత్యయాలు చివర చేరడం తెలుగువారికి పరిచితమే గాని, నిర్మాణంలోని ఈ పోలిక మాత్రాన బంధుత్వం సిద్ధించదు.

చివరి రోజులు

1851లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో ఫిన్నిష్ భాషా సాహిత్యాల తొలి ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. సమొయెద్ వ్యాకరణం పూర్తికాకుండానే మరుసటి సంవత్సరం మరణించాడు. అంతోన్ షీఫ్నర్ దానిని పరిష్కరించి 1854లో ప్రచురించాడు. యాత్రా వృత్తాంతాలు, నిఘంటువులు, వ్యాకరణాలతో కూడిన 12 సంపుటాలు జర్మన్ భాషలో 1862 నాటికి వెలువడ్డాయి. ఆయన అధ్యయనం చేసిన కమాస్ భాషను మాట్లాడిన చివరి వ్యక్తి 1989లో మరణించారు.