బీదల ఇంటి బాలుడు

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 24:17–22



ఈ నెల మనము ధ్యానించు భాగములో తండ్రిలేని బిడ్డకు న్యాయము తప్పింపరాదని మోషే ఇశ్రాయేలీయులకు బోధించుచున్నాడు. పొలములో మరచిపోయిన పన, చెట్టున మిగిలిన పండు ఆ బిడ్డకును, విధవరాలికిని, పరదేశికిని విడువవలెనని చెప్పి, అందుకు కారణమును కూడ చూపుచున్నాడు. మీరును ఐగుప్తులో దాసులై యుంటిరి, ఆ సంగతి మరువవద్దు అనునదే ఆ కారణము. తాను పడిన బాధను మరచినవాడు పరుని బాధను తీర్చలేడు. మరువక, అధికారము చేతికి వచ్చిన దినమున దానిని బీదబిడ్డలకొరకు వాడిన ఒక మనుష్యుని జీవితమును ఇచ్చట క్లుప్తముగా చెప్పుకొందము. ఆయన పేరు విల్ క్రూక్స్.

ఆయన 1852వ సంవత్సరమున లండను పట్టణపు తూర్పు భాగమందలి పోప్లారు అను పేటలో జన్మించెను. అది ఓడరేవుల ప్రక్కనున్న కూలివారి పేట. తండ్రి ఓడలో బొగ్గు వేయు పనివాడు. విల్ పసివాడై యుండగా యంత్రమునకు నూనె వేయు సమయమున ప్రమాదము జరిగి తండ్రి ఒక చేయి కోల్పోయెను. ఏడుగురు బిడ్డల సంసారము తల్లిమీద పడెను. ఆమెకు చదువు రాదు. సూదియు దారమును ఆమె ఆస్తి. ప్రొద్దుపోవువరకు బట్టలు కుట్టి బిడ్డలకు రొట్టె సంపాదించుచుండెను. ఒక రాత్రి తల్లి ఒంటరిగా ఏడ్చుచుండగా బాలుడు మేల్కొని చూచెననియు, ఆ దృశ్యము ఆయన మనస్సులో జీవితాంతము నిలిచెననియు ఆయన చరిత్ర వ్రాసినవారు తెల్పుచున్నారు.

ఆ కాలమున ఇంగ్లండులో బీదలకు సహాయము చేయు బాధ్యత స్థానిక సంఘములది. ప్రతి ప్రాంతమునకు గార్డియన్ల బోర్డు అను ఒక సభ యుండెను. ఊరివారు చెల్లించు పన్నులే దానికి ఆధారము. 1834వ సంవత్సరపు చట్టము ననుసరించి బీదలను వర్కుహౌసు అను బీదల ఇంటిలో చేర్చుకొనుచుండిరి. ఆ ఇంటిలోని బ్రతుకు బయటి కడుబీద కూలివాని బ్రతుకుకంటె హీనముగా ఉండవలెననుట ఆ చట్టము యొక్క మూలసూత్రము. సుఖముగా నుండినచో అందరును వచ్చి చేరుదురని పెద్దల భయము. ఆ భయమునకు మూల్యము చెల్లించినవారు పసిబిడ్డలు.

క్రూక్స్ తల్లి కొంతకాలము ఇంటివద్దనే బోర్డువారి సహాయము పొందుచుండెను. ఒకనాడు ఆమె బిడ్డలతో బోర్డు ఎదుట నిలిచినప్పుడు అధ్యక్షుడు విల్‌ను చూచి, ఈ పిల్లవాడు తన కూడు తాను సంపాదించుకొనవలసిన వయస్సు వచ్చినదని పలికెను. చీకటితో లేచి పాలవానికి సహాయముచేసి ఆ బాలుడు అప్పటికే కొన్ని కాసులు తెచ్చుచున్నాడని తల్లి బదులు చెప్పెను. ఆ మాట వారి మనస్సును కరిగింపలేదు. సహాయము నిలిపివేసి, తండ్రియు బిడ్డలును బీదల ఇంటికి రావలెనని నిర్ణయించిరి. 1861లో తండ్రితో పాటు ఐదుగురు బిడ్డలు ఆ గుమ్మము దాటిరి. తరువాత విల్‌ను సట్టను అను చోటనున్న బీదపిల్లల పెద్ద బడికి పంపిరి. అచ్చట తమ్ముని నుండి కూడ వేరుచేసిరి. బిడ్డకు ఆకలికంటె అది పెద్ద బాధ. తల్లి మాత్రము ఊరకుండక, మరింత కష్టపడి, క్రమముగా తన బిడ్డలను తిరిగి ఇంటికి తెచ్చుకొనెను.

ఇంటికి వచ్చిన పిమ్మట విల్ దుకాణములో సందేశములు మోసెను, కమ్మరి కొలిమివద్ద పనిచేసెను, పదునాలుగవ యేట పీపాలు చేయు పనిలో చేరి నేర్పరియయ్యెను. తోటి పనివారి పక్షమున మాటలాడినందుకు పని పోగొట్టుకొని, పనికొరకు లివర్‌పూలు వరకు నడచిపోయిన దినములు కూడ ఆయనకు గలవు. తరువాత పోప్లారుకు తిరిగివచ్చి, ఆదివారములందు ఓడరేవు గేటువద్ద నిలిచి కూలివారికి పట్టణ పరిపాలన, పన్నులు, చట్టములు సులభముగా బోధించెను. జనులు ఆ స్థలమును క్రూక్స్ కళాశాలయని ముద్దుగా పిలిచిరి. 1892లో వారే ఆయనను లండను కౌంటీ కౌన్సిలుకు ఎన్నుకొనిరి. ఆ పదవికి జీతము లేదు గనుక తమ కూలి డబ్బులలో నుండి చందాలు వేసికొని ఆయన కుటుంబమును పోషించిరి.

మరుసటి సంవత్సరమే ఆయన పోప్లారు గార్డియన్ల బోర్డులో సభ్యుడాయెను. 1897లో దాని అధ్యక్షుడాయెను. చదువరులారా, ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింతము. తల్లి కొంగు పట్టుకొని ఏ బోర్డు ఎదుట ఆ బాలుడు నిలిచెనో, ఇప్పుడు ఆ బోర్డునకే ఆయన అధ్యక్షుడు. పగ తీర్చుకొనవచ్చును. లేక, తాను గొప్పవాడనైతిని గనుక ఆ పాత సంగతి ఎవరికిని తెలియకూడదని దాచుకొనవచ్చును. ఆయన ఈ రెండును చేయలేదు. తాను బీదల ఇంటి బిడ్డనని బహిరంగముగా చెప్పుకొనుచు, ఆ ఇంటి తలుపులు తెరచి లోపలి చీకటిని చూచెను.

ఆయనయు, తోటి సభ్యుడైన జార్జి లాన్స్‌బరీయు కలిసి బీదల ఇంటి ఆహారమును బాగుచేసిరి, లంచగొండి ఉద్యోగులను తొలగించిరి. పిల్లల విషయమున వారు చేసిన పని మనము ముఖ్యముగా గమనింపదగినది. ఫారెస్టుగేటు అను చోటనున్న బీదపిల్లల బడిలో పిల్లల తలవెండ్రుకలు పొట్టిగా కత్తిరించి, అందరికి ఒకే విధమైన వికారపు దుస్తులు తొడుగుచుండిరి. వీధిలో కనబడినంతనే వీరు బీదల ఇంటి పిల్లలని ఎవరైనను గుర్తింపగలరు. ఆ ఆనవాలును తీసివేయవలెనని క్రూక్స్, లాన్స్‌బరీ పట్టుబట్టిరి. ఇతరుల బిడ్డలవలె వీరికిని బట్టలు, ఇతరుల బిడ్డలవలె వీరికిని చదువు కావలెనని వారి వాదము. ఎసెక్సు జిల్లాలోని హట్టను గ్రామమున విశాలమైన స్థలము కొని, పెద్ద కొట్టమువంటి భవనము గాక, చిన్న చిన్న ఇండ్లు కట్టించి పిల్లలను అందులో పెంచు ఏర్పాటు పోప్లారు బోర్డువారు చేసిరి.

మంచిపని చేయువానికి నిందలు తప్పవు. బీదపిల్లలకు ఇంత ఖర్చు ఎందుకని పన్ను చెల్లించువారు సణిగిరి. 1906లో ప్రభుత్వము విచారణ జరిపించి, పోప్లారు బోర్డు ఖర్చు అధికముగా నున్నదనియు, నిర్వహణలో సడలింపు గలదనియు తప్పుపట్టెను. ఆ విమర్శ అంతయు అన్యాయమని మేము చెప్పము. బహిరంగ ధనమునకు లెక్క అప్పగింపవలసినదే. అయినను క్రూక్స్ తన చేతులను అపవిత్రము చేసికొనెనని ఎవరును ఋజువు చేయలేకపోయిరి.

1901లో ఆయన పోప్లారు మేయరు ఆయెను. 1903లో వూలిచ్ నుండి పార్లమెంటుకు ఎన్నికై, వృద్ధుల పింఛనుకొరకును, పనిలేని వారికొరకును పోరాడెను. ఓడిపోయిన కొద్ది నెలలు తప్ప 1921 వరకు ఆ సభలోనే యుండి, ఆ సంవత్సరము జూను నెలలో ప్రభువునందు నిద్రించెను. అధిక ధనము కూడబెట్టలేదు. తన పేటవారి మధ్యనే బ్రతికెను.

బీదల ఇంటి మచ్చ ఎంత లోతైనదో తెలిసికొనుటకు మరి రెండు సంగతులు చాలును. బీదల ఇంటిలో పుట్టిన శిశువు యొక్క జనన పత్రములో ఆ ఇంటి పేరు వ్రాయక, వట్టి వీధి చిరునామా వ్రాయవచ్చునని 1904లో మాత్రమే ఏర్పాటాయెను. బోర్డు సహాయము పొందినవానికి ఓటు హక్కు లేదను నియమము 1918 వరకు నిలిచెను. గార్డియన్ల బోర్డులు 1930లో రద్దాయెను. 1948వ సంవత్సరపు చట్టముతో దిక్కులేని పిల్లల పోషణ స్థానిక కౌన్సిళ్ల బాధ్యతయై నేటికిని కొనసాగుచున్నది.

అయినను మచ్చ పూర్తిగా పోలేదు. కౌన్సిలు సంరక్షణలో పెరిగినవారు పెద్దవారైన తరువాత ఉద్యోగమునకు పోయినను, అద్దె యిల్లు అడిగినను, కొందరు అనుమానముగా చూచుచున్నారు. వారిపట్ల వివక్ష చూపకుండ, వారిని కూడ సమానత్వ చట్టపు రక్షణలో చేర్చవలెనని 2022లో ఇంగ్లండు ప్రభుత్వము నియమించిన ఒక సమీక్ష సిఫారసు చేసెను. ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. అప్పుడు కౌన్సిళ్లు ఒకదాని వెంట ఒకటి తమంతట తాము తీర్మానములు చేసికొనెను. నూరుకు పైగా కౌన్సిళ్లు, తాము చేయు ప్రతి నిర్ణయములోను ఇట్టివారికి నష్టము కలుగునా అని విచారింపవలెనని ఒప్పుకొనినవి. తీర్మానము చట్టము కాదు, అయినను పైవారు చేయనిదానిని ఊరిపెద్దలు తమ పరిధిలో చేయవచ్చునని క్రూక్స్ చూపిన మార్గమే ఇది.

మన దేశమునకు వచ్చి చూతము. పదియేండ్లు నిండకముందే తలిదండ్రులను పోగొట్టుకొని, గుర్తింపు పొందిన అనాథాశ్రమములలో చేరిన దిక్కులేని పిల్లలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు వెనుకబడిన తరగతుల ఏ వర్గములో చేర్చియున్నవి. సంఘకాపరులును, పెద్దలును ఈ సంగతి తెలిసికొని అట్టి పిల్లలకు ధ్రువపత్రము ఇప్పించుటలో సహాయము చేయవలెను.

అయితే ప్రభుత్వము ఇచ్చు కాగితము ఒకటి, మనము ఇచ్చు చోటు మరియొకటి. క్రిస్మసు దినమున ఒకే తానులోని గుడ్డతో కుట్టించిన చొక్కాలు అనాథ పిల్లలకు తొడిగి, దాతల ఎదుట వరుసగా నిలుపుట మన సంఘములలో జరుగుట లేదా? మనకు అది ధర్మము. ఆ బిడ్డకు అది ఫారెస్టుగేటు దుస్తు. ఆశ్రమములో పెరిగిన పిల్లకు సంబంధము వచ్చినప్పుడు, ఆమె బుద్ధియు భక్తియు అడుగక, ఎవరి పిల్లయో తెలియదని మొగము త్రిప్పుకొనినవారు విశ్వాసులలో లేరా? ఫరో కుమార్తె ఇంటిలో పెరిగిన మోషేను, పెదతండ్రి కుమారుడు పెంచిన ఎస్తేరును దేవుడు త్రోసివేయలేదు. ఆమె పెంచుకొనిన బిడ్డడు ఇశ్రాయేలును విడిపించెను. అతడు పెంచిన పిల్ల తన జనులను కాపాడెను.

కాబట్టి ఈ నెల ప్రతి సంఘమును ఒక చిన్న పని చేయునుగాక. మన మధ్య ఇతరుల చేత పెంచబడిన బిడ్డ ఎవరో తలంచుకొని, అతనిని వేరు వరుసలో గాక మన బిడ్డల ప్రక్కనే కూర్చుండబెట్టుకొందము. క్రొత్త బట్ట ఇచ్చునప్పుడు అంగడికి తీసికొనిపోయి అతనికి నచ్చిన రంగునే కొనియిత్తము. మనమును ఒకప్పుడు దూరస్థులమై యుండి, క్రీస్తు ద్వారా దేవుని ఇంటివారమైతిమి. ఆ సంగతి మరువకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.