వైల్డర్ పెన్‌ఫీల్డు

మూర్ఛ వచ్చి పడినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి నుంచుట మన పల్లెలలో నేటికిని కానవచ్చును. దానివలన ప్రయోజన మేమియు లేదు. ఆ వ్యాధి మూలమును మెదడులోనే వెదకి పట్టిన వైద్యులలో వైల్డర్ పెన్‌ఫీల్డు అగ్రగణ్యుడు.

ఆయన 1891లో అమెరికాలోని స్పోకేన్ నగరమున జన్మించెను. ఆక్స్‌ఫర్డులో షెరింగ్టన్ మహాశయుని శిష్యుడై నాడీమండలమును గూర్చి నేర్చెను. 1916లో ఆయన ప్రయాణించుచున్న ఓడను జర్మనుల టార్పెడో కొట్టెను. కాలికి గాయమైనను ప్రాణము దక్కెను. 1928లో కెనడాలోని మాంట్రియల్ చేరెను.

ఆ యేడే ఆయనకు కఠినపరీక్ష సంభవించెను. అక్క రూతు చిరకాలముగా మూర్ఛలతో బాధపడుచుండెను. మెదడులో కంతి పెరిగినదని తేలెను. తోబుట్టువు తలపై కత్తి పెట్టుటకు ఎవరి చేయి వణకదు? అయినను ఆయనయే శస్త్రచికిత్స చేసెను. కంతిని చాలవరకు తొలగించెను గాని, లోతునకు ప్రాకిన భాగమును తీయుటకు వీలుకాలేదు. ఆమె కోలుకొని బిడ్డలను చేరెను. కొన్ని యేండ్లకే వ్యాధి తిరుగబెట్టి మరణించెను. వైద్యులును శాస్త్రజ్ఞులును ఒకే కప్పు క్రింద పనిచేయవలెనను ఆయన సంకల్పము ఆ దుఃఖముతో మరింత దృఢమయ్యెను. రాక్‌ఫెల్లర్ సంస్థ ధనసహాయముతో 1934లో మాంట్రియల్ నాడీవైద్య సంస్థ వెలసెను.

మెదడు నుండి సన్నని విద్యుత్తరంగములు వెలువడును. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మానవుని తలనుండి వానిని తొలిసారి నమోదు చేసెను. కాని పుఱ్ఱె అడ్డుగా నుండుటచే అవి క్షీణించి, మసకబారి అందును. పెన్‌ఫీల్డు సహచరుడైన హెర్బర్ట్ జాస్పర్, పుఱ్ఱె తెరచినపిమ్మట మెదడు ఉపరితలముననే తంత్రుల నుంచి తరంగములను కాగితముపై గీయించెను. రోగపీడితమైన చోట గీతలు శూలములవలె పైకి లేచును. బెల్లంపల్లి ప్రాంతమున బోరు వేసి బొగ్గుపొర జాడ తెలిసికొనినపిమ్మటనే గని త్రవ్వుదురు గదా! కత్తి పెట్టుటకు ముందు ఈ వెదకులాటయు అట్టిదే.

రోగికి తలచర్మము మాత్రమే మొద్దుబారునట్లు మందిచ్చెడివారు. మెదడునకు స్వయముగా నొప్పి తెలియదు. కావున రోగి మేల్కొని మాటలాడుచుండును. వైద్యుడు మృదువైన విద్యుత్తుతో ఒక్కొక్క చోటు తాకి, అంకెల చీటీ నుంచును. ఒకచోట తాకిన వ్రేలు కదలును. వేరొకచోట మాట ఆగిపోవును. కొందఱికి ఎన్నడో విన్న పాట మరల వినబడెను. మాటకు, కదలికకు ఆధారమైన తావులను కాపాడి, రోగస్థానమును మాత్రమే తొలగించుట ఆయన నేర్పు.

ఆయనవద్ద శిక్షణ పొందిన జాకబ్ చాండీ 1949లో వెల్లూరున మన దేశపు తొలి నాడీశస్త్రవైద్య విభాగమును నెలకొల్పెను. పెన్‌ఫీల్డు 1960లో విశ్రాంతి గైకొని గ్రంథరచనలో గడపి, 1976లో మాంట్రియల్‌లో కన్నుమూసెను.