రాజ్ కపూర్: తెల్లచీర, జలపాతం... ఒక దర్శకుడి మోజు కథలుగా ఎలా మారింది?

ఆర్.కె. ఫిల్మ్స్ సినిమా మొదలవగానే ముందు పృథ్వీరాజ్ కపూర్ శివుడికి పూజ చేస్తూ కనిపిస్తారు. ఆ వెంటనే సంస్థ చిహ్నం వస్తుంది. అందులో ఒక పురుషుడి చేతిలో వయోలిన్, మరో చేతి మీద వాలిపోయిన స్త్రీ ఉంటారు. 1949లో వచ్చిన 'బర్సాత్'లో రాజ్ కపూర్, నర్గిస్‌ల దృశ్యం నుంచి పుట్టిన బొమ్మ అది.

దేవుడు, ఆ వెంటనే దేహం. రాజ్ కపూర్ తీసిన సినిమాలన్నీ ఈ రెండింటి మధ్యే నడిచాయి. భక్తి ఎక్కడ ఆగింది, మోహం ఎక్కడ మొదలైంది అన్న విషయంలో ఆయన సినిమాలపై గొడవ ఆయన బతికుండగానే మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది.

ఏ కథకుడి ఇష్టాయిష్టాలైనా అతని కథల్లోకి వస్తాయి. తెలుగు ప్రేక్షకులకు ఇది కొత్త కాదు. పాటలో పూలు, పళ్లు దొర్లితే చాలు, అది రాఘవేంద్రరావు సినిమా అని పిల్లలు కూడా చెప్పేస్తారు. అయితే అక్కడ ఆ మోజు చాలావరకు పాటకు అలంకారం. రాజ్ కపూర్ విషయంలో అది కథకే మూలం. దాన్ని దాచుకోవడానికి కూడా ఆయన ప్రయత్నించలేదు.

పెషావర్ నుంచి చెంబూర్ దాకా

రాజ్ కపూర్ 1924 డిసెంబర్ 14న పెషావర్‌లో పుట్టారు. తండ్రి పృథ్వీరాజ్ రంగస్థలంలోనూ సినిమాల్లోనూ పెద్ద నటుడు. తల్లి రామ్‌సర్నీ దేవి. తండ్రి వెంట ఊళ్లు మారుతూ పెరిగిన కుర్రాడు చదువులో పెద్దగా రాణించలేదు. దర్శకుడు కేదార్ శర్మ దగ్గర క్లాప్ కొట్టే పనితో సినిమాల్లో చేరారు. 1947లో 'నీల్ కమల్'లో మధుబాల సరసన హీరో అయ్యారు. మరుసటి ఏడాదే, పాతికేళ్లు నిండకముందే, సొంత సంస్థ పెట్టి 'ఆగ్'కు దర్శకత్వం వహించారు. బొంబాయి శివారులోని చెంబూర్‌లో ఆర్.కె. స్టూడియో ఆ తర్వాత లేచింది.

స్త్రీ దేహం మీద తన ఆకర్షణకు మూలం ఎక్కడుందో ఆయనే చెప్పుకున్నారు. కూతురు రీతూ నందా కూర్చిన పుస్తకంలో ఆ మాటలు ఉన్నాయి. చాలా చిన్న వయసులో యువతి అయిన తల్లితో కలిసి స్నానం చేసేవాడినని, ఆ రూపం మనసులో చెరగని ముద్ర వేసిందని, నగ్నత్వాన్ని తాను ఆరాధిస్తానని ఆయన అందులో ఒప్పుకున్నారు. ఒక భారతీయ తండ్రి కూతురి పుస్తకంలో అచ్చయ్యేలా ఈ మాట చెప్పడం ఆ రోజుల్లో అరుదు. ఈ రోజుల్లోనూ అరుదే.

ఈ మాట తెలిశాక ఆయన సినిమాల్లో నీళ్లు ఎందుకు అన్నిసార్లు వస్తాయో, నీళ్లలో స్త్రీ ఎందుకు ఉంటుందో విడిగా వివరించనక్కర్లేదు. ఇక తెల్లచీర ఆయన ఇంట్లోనూ ఉంది, తెర మీదా ఉంది. 1946లో పెళ్లాడిన భార్య కృష్ణ జీవితాంతం తెల్లచీరలతోనే అందరికీ గుర్తు. నర్గిస్‌నూ సినీలోకం తెల్లచీర నాయికగానే గుర్తుపెట్టుకుంది.

పిండి అంటిన చెయ్యి

'ఆగ్' తీయడానికి ముందు రాజ్ కపూర్ ఒక స్టూడియో గురించి వాకబు చేయడానికి నర్గిస్ తల్లి జద్దన్‌బాయి ఇంటికి వెళ్లారు. తల్లి ఇంట్లో లేదు. వంటింట్లో పకోడీలు వేస్తున్న నర్గిస్ అలాగే వచ్చి తలుపు తీశారు. నుదుటి మీద జుట్టు సర్దుకోబోతే చేతికున్న శనగపిండి కాస్తా జుట్టుకు అంటింది.

పాతికేళ్ల తర్వాత, 1973లో, 'బాబీ'లో రిషి కపూర్ తలుపు తడితే డింపుల్ కపాడియా పిండి చేతులతో వచ్చి తీస్తుంది. అదే చెయ్యి జుట్టులోకి పోతుంది. అప్పటికి నర్గిస్‌కు సునీల్ దత్‌తో పెళ్లయి పదిహేనేళ్లు. రాజ్ కపూర్ తన యవ్వనాన్ని కొడుకు చేత మళ్లీ నటింపజేశారు.

కొడుకును అలా వాడుకోవడం అది మొదటిసారి కాదు. 1970లో వచ్చిన 'మేరా నామ్ జోకర్' మొదటి భాగంలో పదహారేళ్ల రాజు టీచర్ మేరీని ప్రేమిస్తాడు. ఆమె బట్టలు మార్చుకుంటుండగా చాటు నుంచి చూస్తాడు. పాపం చేశానన్న భావనతో నలిగిపోతాడు. చివరికి ఆమె పెళ్లికి పెళ్లివారితో పాటు నిలబడతాడు. టీచర్‌గా సిమి గరేవాల్, కుర్రాడిగా రిషి కపూర్ నటించారు. ఆ పాత్రకు రిషికి ఉత్తమ బాలనటుడిగా జాతీయ అవార్డు వచ్చింది.

రాజ్ కపూర్ తన మోజును ఇంత నిజాయితీగా మరెక్కడా చూపించలేదు. ఇక్కడ కెమెరా చూసే స్త్రీని మాత్రమే కాదు, చూస్తున్న కుర్రాడి సిగ్గును కూడా చూపిస్తుంది. ఆ సిగ్గు తర్వాతి సినిమాల్లో కనిపించదు.

పక్కన ఎవరున్నారు?

నర్గిస్, రాజ్ కపూర్ కలిసి పదహారు సినిమాల్లో నటించారు. 'ఆవారా' (1951), 'శ్రీ 420' (1955)లలో శృంగారం లేదని కాదు. 'ఆవారా'లో నర్గిస్ ఈత దుస్తుల్లో కనిపించడం ఆ రోజుల్లో సంచలనం. కానీ ఆ కథలు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ రాసినవి. అబ్బాస్ వామపక్ష రచయిత. పాటలు రాసిన శైలేంద్ర రైల్వే కార్మికుడిగా పనిచేసి వచ్చినవాడు. వీళ్ల కథల్లో నిరుద్యోగం, ఫుట్‌పాత్, కోర్టు, న్యాయం ఉంటాయి. నర్గిస్ పాత్రలు 'ఆవారా'లో లాయర్, 'శ్రీ 420'లో పంతులమ్మ. ప్రేమించే వ్యక్తిని నిలదీసే స్త్రీలు వాళ్లు.

ఆ కాలం చివర్లో వచ్చింది 'జాగ్తే రహో' (1956). ఆర్.కె. సంస్థ నిర్మించిన ఈ సినిమాకు శంభు మిత్ర, అమిత్ మైత్ర దర్శకులు. పల్లె నుంచి నగరానికి వచ్చిన మనిషి గుక్కెడు నీళ్ల కోసం రాత్రంతా ఒక భవనంలో దొంగలా పరుగెడతాడు. తెల్లారాక గుడి దగ్గర తెల్లచీరలో ఉన్న నర్గిస్ అతని దోసిట్లో నీళ్లు పోస్తుంది. తెల్లచీర, నీళ్లు రెండూ ఉన్నాయి. కానీ తడిసింది స్త్రీ కాదు, దాహంతో ఉన్న మగాడి గొంతు. ఆర్.కె. సంస్థలో నర్గిస్ చివరి దృశ్యం అదే.

ఆ తర్వాత కథ మారింది. 'జిస్ దేశ్ మే గంగా బెహ్తీ హై' (1960)లో పద్మిని స్నానం, 'సంగం' (1964)లో వైజయంతిమాల ఈత వచ్చాయి. 'సంగం'లో ఒడ్డున చెట్టెక్కి కూర్చున్న హీరో, నీళ్లలో రాధ అనే నాయిక ఉంటారు. గోపికా వస్త్రాపహరణం గుర్తు రాకుండా ఉండదు. పురాణం తోడుంటే ప్రేక్షకుడికీ ఇబ్బంది ఉండదు, సెన్సార్‌కూ ఉండదు.

1966లో శైలేంద్ర, 1971లో సంగీత దర్శకుల జంటలో జైకిషన్ చనిపోయారు. ఆరేళ్లు తీసిన, నాలుగు గంటలకు పైగా నిడివి, రెండు ఇంటర్వెల్స్ ఉన్న 'జోకర్' దారుణంగా ఫ్లాప్ అయ్యి అప్పుల్లో ముంచింది. 'బాబీ' ఘనవిజయం ఆ అప్పుల నుంచి గట్టెక్కించింది. అప్పటిదాకా మోజుగా ఉన్నది అక్కడి నుంచి వ్యాపారానికి భరోసా కూడా అయింది.

సెన్సార్ నేర్పిన ఉపాయం

తడిసిన తెల్లచీరకు ఇంకో కారణం కూడా ఉంది. నగ్నత్వం చూపించడానికి సెన్సార్ ఒప్పుకోదు. ముద్దు కూడా తెర మీద దాదాపు మాయమైన రోజులవి. కళాత్మక అవసరం ఉంటే ఈ రెండింటినీ అనుమతించవచ్చని జస్టిస్ జి.డి. ఖోస్లా కమిటీ 1969లో సిఫార్సు చేసినా పరిశ్రమ, ప్రభుత్వం ముందుకు రాలేదు. నీళ్లు ఈ చిక్కును విప్పాయి. చీర ఒంటి మీదే ఉంటుంది, దేహమూ కనిపిస్తుంది. చీర తెల్లది కాబట్టి పవిత్రత అన్న వాదన కూడా చేతిలో ఉంటుంది.

1978లో వచ్చిన 'సత్యం శివం సుందరం' ఈ ఉపాయానికి పరాకాష్ఠ. ముఖం ఒకవైపు కాలిన పల్లెటూరి పిల్ల రూప. గొంతు అద్భుతం. ఆమె గొంతును ప్రేమించి, ముసుగు వెనక ముఖాన్ని చూడలేని ఇంజినీర్ రాజీవ్. అందమైన గొంతు, సాదా ముఖం అన్న ఈ ఆలోచన లతా మంగేష్కర్‌ను చూసి వచ్చిందని రాజ్ కపూరే చెప్పారు. అలా చెప్పడం లతకు ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనకు వచ్చినట్టు లేదు.

అందం దేహంలో లేదని చెప్పే కథ ఇది. కెమెరా మాత్రం మొదటి నుంచి చివరిదాకా దేహాన్ని వదలదు. రాజీవ్ రోగం, దర్శకుడి రోగం ఒకటే. సినిమా రాజీవ్‌ను మందలిస్తుంది, దర్శకుడిని వదిలేస్తుంది.

ఈ సినిమా అశ్లీలమంటూ కేసులు పడ్డాయి. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు రాజ్ కపూర్‌కు అనుకూలంగా వచ్చింది. సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ చేతిలో ఉన్నప్పుడు, ప్రదర్శించే హక్కు చట్టప్రకారం ఉందని నిర్మాత సదుద్దేశంతో నమ్మాడన్నది అందులో కీలకం. భారతీయ సినిమా స్వేచ్ఛ గురించి మాట్లాడే న్యాయవాదులు ఈ కేసును ఇప్పటికీ ఉదహరిస్తారు.

రూపగా నటించిన జీనత్ అమన్ మాట వేరు. పాత్ర కోసం ఆమె కాలిన ముఖం మేకప్‌తో, పల్లెటూరి వేషంలో రాజ్ కపూర్ దగ్గరికి స్వయంగా వెళ్లారు. మానవ దేహంలో తనకు అశ్లీలం ఏమీ కనిపించదని, ఆ గొడవ తనకు వింతగా తోచిందని 2023లో ఆమె సోషల్ మీడియాలో రాశారు. ఆమెను బాధితురాలిగా చూపించాలనుకునేవాళ్లు ఈ మాటనూ లెక్కలోకి తీసుకోవాలి. అలాగని ఒక నటికి అభ్యంతరం లేకపోవడంతో కెమెరా చూపు గురించిన ప్రశ్న తీరిపోదు.

తెలుపుకు రెండో అర్థం

1982లో వచ్చిన 'ప్రేమ్ రోగ్' ఈ వరుసలో వేరుగా నిలుస్తుంది. ఠాకూర్ల ఇంటి పిల్ల పెళ్లయిన వెంటనే వితంతువు అవుతుంది. అన్నేళ్లు రాజ్ కపూర్ మోహంగా చూసిన తెలుపు ఇక్కడ శిక్ష. తెల్లచీర కట్టించేవాళ్లు ఆమె జీవితాన్ని లాగేసుకుంటారు. బావ అత్యాచారం చేస్తాడు. కామనా చంద్ర కథ ఇది. పద్మినీ కొల్హాపురి పాత్రకు నోరుంది, కోపం ఉంది. ఒక స్త్రీ రాసిన కథ చేతికి వచ్చినప్పుడు ఆయన పాత రంగుకే కొత్త అర్థం వచ్చింది.

ఆ మార్పు నిలబడలేదు. 1985లో 'రామ్ తేరీ గంగా మైలీ' వచ్చింది. గంగోత్రి పిల్ల గంగ, మగవాళ్ల చేతుల్లో పడి కోల్‌కతా చేరేసరికి మలినమవుతుంది. మగవాళ్ల పాపాలు కడిగీ కడిగీ గంగ మైలపడిందన్నది నీతి. జలపాతం కింద తెల్లచీరలో మందాకిని దృశ్యం కోసమే జనం థియేటర్లకు వెళ్లారన్నది వాస్తవం. ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు అవార్డులు రెండూ దానికే దక్కాయి.

ఏం మిగిలింది?

1988 మే 2న ఢిల్లీలో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకోవడానికి వచ్చిన రాజ్ కపూర్‌కు సభలోనే ఉబ్బసం తిరగబెట్టింది. రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ వేదిక దిగి ఆయన దగ్గరికే వచ్చి అవార్డు ఇచ్చారు. నెల రోజులు ఎయిమ్స్‌లో ఉండి జూన్ 2న, 63 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మొదలుపెట్టిన 'హెన్నా'ను పెద్ద కొడుకు రణధీర్ 1991లో పూర్తి చేశారు.

తెలుగునాట ఆయన పరిచయం పాతదే. 'ఆహ్' 1953లో 'ప్రేమలేఖలు'గా డబ్ అయింది. మన ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 'శారద' (1957)లో ఆయన నటించారు. తడిసిన తెల్లచీర పాటలు మన సినిమాల్లోనూ లెక్కలేనన్ని. మోజు ఆయనది, అలవాటు అందరిదీ అయింది. ఆయనకైతే ఆ చీర వెనక ఒక జ్ఞాపకం, ఒక స్త్రీ, కొంత పశ్చాత్తాపం ఉన్నాయి. కాపీ కొట్టినవాళ్లకు చీర ఒక్కటే దొరికింది.

మోజులేని కళాకారుడు ఉండడు. రాజ్ కపూర్ మోజును ఎదిరించే గొంతు పక్కన ఉన్నప్పుడు, అది అబ్బాస్ కలమైనా, నర్గిస్ చూపైనా, కామనా చంద్ర కథ అయినా, సినిమా ఆయన కంటే పెద్దదైంది. ఆ గొంతు లేనప్పుడు మోజు ఒక్కటే మిగిలింది.

2017 సెప్టెంబర్‌లో ఆర్.కె. స్టూడియోలో అగ్నిప్రమాదం జరిగింది. దశాబ్దాలుగా దాచిన కాస్ట్యూమ్స్ కాలిపోయాయి. 2019లో ఆ స్థలాన్ని గోద్రెజ్ ప్రాపర్టీస్ కొన్నది. నర్గిస్ నాటి నుంచి నాయికలు కట్టిన దుస్తులు బూడిదయ్యాయి. వాటిని చూసిన కళ్లు మాత్రం ఆ సినిమాల్లో ఇంకా తెరిచే ఉన్నాయి.