పంతులుగారి చదువు

ఆంధ్రదేశంలో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు విననివారు అరుదు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆనాటి సభలలో వక్తలు సాధారణంగా ప్రస్తావించేది వ్యావహారిక భాషోద్యమం. అది సహజమే. కాని ఆ ఉద్యమంలో అడుగుపెట్టేనాటికి పంతులుగారికి నలుబది యేండ్లు దాటినవి. అంతకుముందు పాతికేండ్లపాటు ఆయన ఒక సంస్థానపు పట్టణంలో బడిపంతులు. పగలు పిల్లలకు పాఠం చెప్పుతూ, మిగిలిన వేళలలో తానొక విద్యార్థియై గడిపిన ఆ పాతికేండ్ల కథ అంతగా ప్రచారంలోకి రాలేదు. తరువాతి ఘనకార్యాలన్నిటికీ పునాది అక్కడనే పడినది.

1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువనున్న పర్వతాలపేటలో ఆయన జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ ఉద్యోగి. పండ్రెండేండ్ల ప్రాయంలోనే పితృవియోగం కలిగింది. విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులైనారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. పైచదువుకు ఇంటి పరిస్థితులు అనుకూలించలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయులుగా చేరినారు. అప్పటికే వివాహమైనది. సంసారభారం మీద పడినది.

ఆ కాలంలో మెట్రిక్యులేషను చదివి, ఉద్యోగం దొరికిన యువకునికి చదువు ముగిసినట్లే. రామమూర్తిగారికి మాత్రం అప్పుడే మొదలైనది. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., ఆ తరువాత సుమారు దశాబ్దానికి చరిత్ర ముఖ్యాంశంగా బి.ఏ. పరీక్షలలో కృతార్థులైనారు. ఒక్క పట్టం కోసం పదిహేనేండ్లు పట్టినదని ఎవరైనా జాలిపడవచ్చును. కాని ఆ పదిహేనేండ్లలో ఆయన చదివినది పరీక్షాగ్రంథాలు మాత్రమే కాదు.

చరిత్రపాఠం చెప్పే ఉపాధ్యాయునికి తన ఊరి చుట్టుప్రక్కల చరిత్ర తెలియకపోవడం ఆయనకు లోపంగా తోచినది. పర్లాకిమిడికి అనతిదూరంలో ముఖలింగ దేవాలయాలున్నవి. వాటి గోడలమీద, స్తంభాలమీద తూర్పు గాంగరాజుల నాటి శాసనాలున్నవి. చదివేవారు లేరు. శాసనపరిశోధన దేశంలో అప్పుడప్పుడే కాలూనుతున్నది. నెల్లూరు మండల శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి గార్లు తాలూకాల వారీగా మూడు భాగాలుగా ప్రకటించినది 1905లో. చేజర్ల ప్రాంతపు ఉపాధ్యాయునికి తన ఆత్మకూరు, ఉదయగిరి సీమల శాసనాలను ఇంట కూర్చుండి చూచుకొనే వీలు అప్పటికి గాని కలుగలేదు. 1880 ప్రాంతాల కళింగసీమలో అటువంటి సాధనమేదీ లేదు. ప్రాచీన లిపులను గురించి బర్నెల్ దొర వ్రాసిన గ్రంథం 1874లో వెలువడి ఉన్న మాట నిజమే. ఐనా అచ్చుపటంలోని అక్షరం వేరు, ఎండకూ వానకూ అరిగిన రాతిమీది అక్షరం వేరు. పంతులుగారు గురువు లేకుండానే ఆ రాళ్ళముందు కూర్చుండి శాసనలిపి నేర్చినారు. గాంగుల రాజధానియైన కళింగనగరం ఈ ముఖలింగమేనని ప్రతిపాదించి, దానిపై ఇంగ్లీషులో వ్యాసాలు వ్రాసినారు. వేతనం పెంచే పని కాదిది. పై అధికారులు కోరినదీ కాదు.

ఈ శాసనాభ్యాసం ఆయన కొకటి నేర్పినది. భాష ఏ కాలంలోనూ ఒక్క తీరున నిలిచియుండదనే సంగతిని ఆయన పుస్తకంలో చదువక పూర్వమే రాతిమీద చూచినారు. పండితులతో వాదానికి దిగిన తరువాత శాసనాలను, ప్రాచీన వచనగ్రంథాలను సాక్ష్యంగా చూపగలిగినారంటే అందుకు కారణం ఆ పాత శ్రమయే.

ఇక సవరభాష కథ వేరు. పర్లాకిమిడికి పైనున్న కొండలలో సవరలు నివసిస్తారు. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులతోపాటు పేర్కొనబడిన ప్రాచీన జాతి శబరులు వీరేనని చెప్పుతారు. సంతకు దిగివచ్చే సవరకు తెలుగు రాదు, పట్టణవాసికి సవర రాదు. వారికి వారి భాషలోనే చదువు చెప్పాలని పంతులుగారికి సంకల్పం కలిగినది. చెప్పడానికి ముందు తాను నేర్వాలి. నేర్వడానికి పుస్తకం లేదు, లిపి లేదు, వ్యాకరణం లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒకనిని తన ఇంటనే ఉంచుకొని, బడి విడిచిన వేళలలో అతని నోట మాట విని నేర్చుకొన్నారు. ఆనాటి బ్రాహ్మణ కుటుంబంలో ఇది ఎంతటి సాహసమో ఊహించుకోవచ్చును.

సవర మన ద్రావిడ కుటుంబానికి చెందిన భాష కాదు. సంతాలీ, ముండారీల వలె ముండా కుటుంబానిది. ఊపిరి గొంతులో తటాలున ఆగి పలికే ధ్వనులు దానిలో ఉన్నవి. తెలుగు అక్షరాలలో వాటికి చోటు లేదు. సంస్కృత వ్యాకరణ పద్ధతి ఇక్కడ అక్కరకు రాదని గ్రహించి, ఆయన ఐరోపాలో అప్పుడు వెలువడుతున్న భాషాశాస్త్ర గ్రంథాలను తెప్పించుకొన్నారు. హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటివారి రచనలను మారుమూల పర్లాకిమిడిలో ఒక బడిపంతులు శ్రద్ధగా చదువుతున్నాడంటే ఆ దినాలలో నమ్మేవారెందరు? సవరభాషలో వాచకాలు రచించి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తానే ఇచ్చినారు. 1913లో ప్రభుత్వం రావుబహద్దూరు బిరుద మిచ్చినది.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం ధనం మాత్రమే కాదు. సవర కొండలలో తిరుగుతూ మలేరియా జ్వరం తెచ్చుకొన్నారు. దానికై తీసుకొన్న క్వినైను వల్ల చెముడు వచ్చినది. అది జీవితాంతం వదలలేదు. వ్రాతలేని భాషను పరిశోధించేవానికి చెవియే పుస్తకం. ఆ చెవియే పోయినది. మరొకరైతే అక్కడితో ఆ కాగితాలు కట్టగట్టి అటకమీద పెట్టేవారు. అందుకు ఎవ్వరూ తప్పుపట్టేవారు కారు. పంతులుగారు పెట్టలేదు. తండ్రి విద్యనే పుణికిపుచ్చుకొన్న కుమారుడు సీతాపతిగారు ఆ పనిలో తోడైనారు.

ఇంతలో 1906లో యేట్సు దొర ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చినారు. పిల్లలకు నేర్పే తెలుగు వాడుకలోని తెలుగుతో ఏల పొసగడంలేదన్న ఆయన ప్రశ్న పంతులుగారిలో చిరకాలంగా ఉన్న ఆలోచనకు దారి చూపినది. గురజాడవారు, శ్రీనివాసయ్యంగారు, యేట్సు, రామమూర్తిగార్లు నలుగురూ కలిసి సాగించిన ఉద్యమచరిత్ర సుప్రసిద్ధం కనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు. 1911లో ముప్పదియేండ్ల ఉపాధ్యాయవృత్తి ముగిసినది. తాపీ ధర్మారావుగారి వంటి శిష్యులను ఆ వృత్తి దేశానికిచ్చినది. విశ్రాంతికాలం విశ్రాంతికి చాలలేదు. వినికిడి లేని ఆ వృద్ధుడు గ్రంథాల మూటలతో సభలకు పోయి, పుటలు తెరిచి ప్రయోగాలు చదివి వినిపించేవారు. ప్రత్యర్థుల పరుషవాక్యాలు కొన్ని ఆయన చెవి సోకకపోవడం ఒక విధంగా మేలే అయినదేమో! 1919లో తెలుగు అనే మాసపత్రిక నడిపినారు. అది ఏడాదికి మించి సాగలేదు.

ఆ కలకలంలో కూడా సవర కాగితాలు మూలపడలేదు. 1931లో సవర వ్యాకరణం ఇంగ్లీషులో వెలువడినది. 1933లో ఇంగ్లీషు-సవర కోశం వచ్చినది. మద్రాసు ప్రభుత్వమే వాటిని అచ్చువేసినది. మరుసటి సంవత్సరం కైజర్-ఇ-హిందు పతకం లభించినది. ఇక సవర-ఇంగ్లీషు నిఘంటువు మిగిలినది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరిపోయినది. దానిని ఆంధ్రదేశంలోనే ఉంచవలెనని పంతులుగారు చేసిన ప్రయత్నం ఫలించలేదు. కొత్త రాష్ట్రపు ప్రారంభోత్సవం జరిగే వేళకు, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి, డెబ్బది రెండేండ్ల వయస్సులో రాజమహేంద్రవరం చేరుకొన్నారు. సవర కొండలు, ముఖలింగపు గుడులు, పాఠాలు చెప్పిన బడి వెనుకనే ఉండిపోయినవి. నిఘంటువు పని మాత్రం ఆయన వెంట వచ్చినది. 1938లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం దానిని ప్రకటించినది. ఆ భాషలో తొలి మాట విని నేర్చుకొన్ననాటికీ, ఈ నిఘంటువు చేతికందిననాటికీ మధ్య నాలుగు దశాబ్దాల కాలం గడిచినది.

1940 జనవరి 15వ తేదీన మద్రాసులో పత్రికలవారిని కలిసికొని, పత్రికలు ప్రజల భాషలో వ్రాయవలసిన అగత్యాన్ని గురించి చివరిసారిగా మాట్లాడినారు. వారం తిరిగేలోగా, 22వ తేదీన, అక్కడనే కన్నుమూసినారు.