అన్నీ చదివాక అడిగిన ప్రశ్న

పాతపట్నంలో కూర్చుని గ్రూప్స్‌కో, గేట్‌కో చదువుతున్నారా? అయితే మన ఉత్తరాంధ్ర మనిషి కావ్యకంఠ గణపతి ముని గురించి ఒకసారి తెలుసుకోండి. అసలు పేరు అయ్యలసోమయాజుల గణపతి శాస్త్రి. 1878 నవంబరు 17న బొబ్బిలి దగ్గర కలవరాయిలో పుట్టారు.

1900లో బెంగాల్‌లోని నవద్వీపం పండిత సభలో సంస్కృతంలో ఆశువుగా శ్లోకాలు చెప్పి, కావ్యకంఠ బిరుదు తెచ్చుకున్నారు. అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. ఈ రోజుల్లో అయితే రెజ్యూమెకి ఆ ఒక్క లైను చాలు!

ఆయనకి మాత్రం చాల్లేదు. ఉన్నది ఒక్కటే, నువ్వూ లోకమూ దైవమూ వేరు కాదన్నది అద్వైతం. దాన్ని చదివారు, ఏళ్ల తరబడి మంత్రజపం చేశారు. అయినా తపస్సంటే ఏమిటో అంతుపట్టలేదు.

1907 నవంబరు 18న తిరువణ్ణామలై కొండెక్కారు. విరూపాక్ష గుహలో ఉన్న బ్రాహ్మణస్వామి ఆయనకన్నా ఏడాది చిన్న. ఇంతటి పండితుడూ ఆ యువకుడి పాదాలు పట్టుకుని, తపస్సంటే ఏమిటో చెప్పమన్నారు. నేను అనే తలపు ఎక్కడి నుంచి పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అన్నది ఆ స్వామి జవాబు సారాంశం. ప్రోగ్రామ్‌లో ఎర్రర్ వస్తే, కనిపించిన లైను వదిలేసి మూలం కోసం వెనక్కి వెళ్తాం చూడండి, దాదాపు అలాంటి పనే.

ఆ స్వామికి రమణ మహర్షి అని పేరు పెట్టింది గణపతి మునే. ఆయన బోధలను రమణ గీతగా సంస్కృతంలో కూర్చిందీ ఈయనే.

అలాగని తన దారి వదిలేయలేదు. శక్తి ఉపాసన కొనసాగించారు. లోకాన్ని ఉత్త భ్రమ అని కొట్టిపారేయలేదు. కాంగ్రెస్‌లో పనిచేశారు. అంటరానితనానికి శాస్త్రాల్లో ఆధారం లేదని పండితుల ముందే వాదించారు. అందరిలో ఉన్నది ఒక్కటే అని నమ్మినవాడు ఆ మాట అనకుండా ఎలా ఉంటాడు? 1936లో ఖరగ్‌పూర్‌లో కన్నుమూశారు.

మీ సర్టిఫికెట్లు పక్కన పెట్టి, ఎన్నిసార్లు చదివినా అర్థం కాని విషయం ఒక్కటి కాగితం మీద రాయండి. అది తెలిసినవాడు మీ జూనియరే అయినా సరే, వెళ్లి అడగండి.