తెరపై వెన్నెల కురిపించిన బార్ట్లే

నూజివీడు: ‘మాయాబజార్’ చూడని ఇల్లు మన మామిడి సీమలో అరుదు. అందులోని పడవ పాట వస్తే పిల్లలు సైతం అల్లరి మాని చూస్తారు. అయితే నీటిపై పరుచుకున్న ఆ వెన్నెల నిజమైనది కాదనీ, ఒక ఛాయాగ్రాహకుని పనితనమనీ ఎరిగినవారు తక్కువ. ఆయనే మార్కస్ బార్ట్లే.

1917లో ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో జన్మించిన బార్ట్లే తొలుత పత్రికా ఫొటోగ్రాఫరుగా, ఆపై వార్తాచిత్రాల కెమెరామన్‌గా పనిచేశారు. 1945లో బి.ఎన్.రెడ్డి గారి ‘స్వర్గసీమ’కు ఛాయాగ్రహణం వహించారు. తర్వాత ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘గుండమ్మకథ’ (1962) చిత్రాలతో, తెలుగువాడు కాకపోయినా తెలుగువారికి ఆత్మీయులయ్యారు.

1957లో వచ్చిన ‘మాయాబజార్’కు దర్శకులు కె.వి.రెడ్డి గారు. వెన్నెల దృశ్యం తీయడం అంత తేలిక కాదు. నిండు పున్నమి వెలుగు పగటి ఎండలో సుమారు నాలుగు లక్షల వంతు మాత్రమే. మామూలు ఫొటో అయితే కెమెరాను స్టాండుపై కదలకుండా నిలిపి, నిమిషాల తరబడి లెన్సు తెరిచి ఉంచి వెన్నెల్లో తోటను తీయవచ్చు. సినిమాకు ఆ వీలు లేదు. సెకనుకు 24 బొమ్మలు పడాలి. ఒక్కో బొమ్మకు వెలుగు చిక్కేది సెకనులో దాదాపు యాభయ్యో వంతు సేపే. అందుచేత వెన్నెలను కల్పించక తప్పదు. ఆ కల్పన బెడిసికొడితే హాలులో నవ్వులే.

నలుపు తెలుపు ఫిల్ముపై నీలాకాశం తెల్లగా పాలిపోతుంది. లెన్సు ముందు పసుపు ఫిల్టరు, అంటే రంగు అద్దం, పెడితే మబ్బులు తేటపడతాయి. ఎర్ర ఫిల్టరు పెట్టి వెలుగు తగ్గిస్తే పట్టపగటి ఆకాశం సైతం రాత్రిలా నల్లబడుతుంది. కానీ అదే ఎర్ర అద్దం ముఖాలను, పెదవులను పాలిపోయేలా చేస్తుంది. ఎంత వెలుగు ఆపాలో, ఎంత వదలాలో తెలియడమే అసలు విద్య. చెట్టు లోపలికి ఎండ తగిలేలా ఏ కొమ్మ కొట్టాలో ఎరిగిన మామిడి రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

రంగుల ఫిల్ము వచ్చాక ఈ ఎర్ర, పసుపు అద్దాలు పనికిరాలేదు. బొమ్మంతా ఆ రంగే పులుముకుంటుంది. అయినా బార్ట్లే వెనుకంజ వేయలేదు. 1965లో మలయాళ ‘చెమ్మీన్’లో కేరళ కడలిని రంగుల్లో చూపారు. ఆ చిత్రానికి రాష్ట్రపతి స్వర్ణపతకం లభించింది. 1969 నాటి తమిళ చిత్రం ‘శాంతి నిలయం’ ఆయనకు ఉత్తమ ఛాయాగ్రాహకునిగా జాతీయ పురస్కారం తెచ్చింది. 1993లో ఆయన కన్నుమూశారు.

2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. రంగులు కొత్తవే అయినా వెలుగునీడలు బార్ట్లేవే. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి పేర్లు మన ఊళ్లలో అందరి నోటా ఉన్నాయి. ఈసారి ఆ చిత్రం వచ్చినప్పుడు, ఆరంభంలో పేర్లు పడే వేళ, ఛాయాగ్రాహకుని పేరు కూడా ఒక్కసారి చదవండి.