క్షమకు నోచుకోని హస్రత్

అష్ఫాఖుల్లా ఖాన్ నామధేయం వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడని మా విశ్వాసం. కాని ఆయనను ఉరికంబం దాకా నడిపించిన చట్టాన్ని గురించి, ఆ నడకను ఆపగలిగి ఉండీ ఆపని అధికారాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ.

1900 అక్టోబరు 22న షాజహాన్‌పూర్‌లో ఒక పఠాన్ కుటుంబంలో ఆయన జన్మించారు. హస్రత్ అనే తఖల్లుస్‌తో ఉర్దూ కవిత్వం చెప్పేవారు. హస్రత్ అంటే తీరని కోరిక అని మన ఉర్దూ విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. ఆర్యసమాజీయుడైన రాంప్రసాద్ బిస్మిల్ ఆయనకు ప్రాణమిత్రుడు.

1925 ఆగస్టు 9న విప్లవకారులు కాకోరీ వద్ద రైలు ఆపి సర్కారు సొమ్ము దోచారు. ఈ పని తమ సంఘానికే ముప్పు తెస్తుందని అష్ఫాఖ్ మొదట వ్యతిరేకించారు. మిత్రులు నిశ్చయించిన పిమ్మట ఇనుప పెట్టెను పగులగొట్టిన బలమైన చేతులు మాత్రం ఆయనవే. ఆ గందరగోళంలో మన్మథనాథ్ గుప్తా పిస్తోలు పేలి ఒక ప్రయాణికుడు మరణించాడు. అతడు నిరపరాధి, అతని ప్రాణం కూడ ప్రాణమే.

శిక్షాస్మృతి 396వ సెక్షను ప్రకారం బందిపోటులో ఒకడు హత్య చేస్తే పాల్గొన్న వారందరూ మరణశిక్షకు అర్హులే. అయితే అదే సెక్షను ద్వీపాంతరవాసానికి, పదేళ్ల వరకు కఠిన కారాగారానికి కూడ తావిచ్చింది. పిన్న వయస్కుడైన మన్మథనాథ్‌కు పద్నాలుగేళ్ల శిక్ష పడింది. ఆయన 2000 దాకా జీవించారు. తుపాకీ పేల్చని అష్ఫాఖ్‌కు ఉరి పడింది.

ఇటువంటి అసమానతను సరిదిద్దడానికే కదా క్షమాధికారం! 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఉరిని తగ్గించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. మదనమోహన మాలవీయ ప్రభృతులు, శాసనసభ్యులు కాకోరీ ఖైదీల పక్షాన వైస్రాయి ఇర్విన్‌కు విన్నవించారు. ప్రీవీ కౌన్సిల్‌కూ మొర వెళ్లింది. ఉరి తేదీ వాయిదా పడిందే కాని శిక్ష మారలేదు. రాజద్రోహమని తాను భావించిన చోట పరాయి ప్రభుత్వం దయను కూడ రాజనీతితోనే తూచిందని మేము భావిస్తున్నాము.

ఏడాదికి పైగా అజ్ఞాతంలో ఉండి ఢిల్లీలో పట్టుబడిన అష్ఫాఖ్‌ను, మతం పేరుతో బిస్మిల్‌కు దూరం చేయాలని ఒక ముస్లిం పోలీసు అధికారి ప్రయత్నించాడు. ఆయన చలించలేదు.

1927 డిసెంబరు 19న ఫైజాబాదు జైలులో అష్ఫాఖ్, గోరఖ్‌పూర్‌లో బిస్మిల్ ఒకే దినాన ఉరికెక్కారు. ఖురాన్‌ను మెడలో ధరించి ఆయన కంబమెక్కారు. అప్పటికి వయస్సు ఇరవై ఏడు. స్వగ్రామమైన షాజహాన్‌పూర్‌లోనే ఆయనను ఖననం చేశారు.